ఉపగ్రహం, నీటి సీసా, వల: సముద్ర జీవాల లెక్కకు ఏది మేలు?

2022 డిసెంబరులో మాంట్రియల్‌లో జరిగిన జీవవైవిధ్య సదస్సులో ప్రపంచ దేశాలు ఒక గడువు పెట్టుకున్నాయి. 2030కల్లా సముద్రంలో 30 శాతం రక్షణ కిందికి రావాలి. 2024 నాటికి వచ్చింది 8 శాతం పైచిలుకు. వేటను గట్టిగా కట్టడి చేసిన చోట్లు చూస్తే అప్పటికి మొత్తం సముద్రంలో 3 శాతం లోపే. ఆ ఒప్పందంలోనే చాలామంది పట్టించుకోని మాట ఇంకొకటి ఉంది. ఏదో ఒక 30 శాతం చాలదు. జీవజాలానికి ముఖ్యమైన చోట్లు ఎంచుకోవాలి, ఎంచుకున్నాక అక్కడ రక్షణ ఫలితం ఇవ్వాలి. ముఖ్యమైన చోటు ఏదో, ఫలితం వచ్చిందో లేదో చెప్పాల్సింది సముద్ర శాస్త్రమే.

దాని చేతిలో ఇవాళ ప్రధానంగా మూడు దారులున్నాయి: పైనుంచి చూసే ఉపగ్రహం, నీటిలోంచి డీఎన్‌ఏ పట్టే సీసా, వల వేసో నీట మునిగో చేపలను లెక్కపెట్టే పాత పద్ధతి. ఏ దేశంలోనైనా డబ్బుకు, పరిశోధన నౌకకు, పని తెలిసిన మనుషులకు కొరతే. కాబట్టి దేనికి ముందు ఖర్చు పెట్టాలన్నది తేల్చుకోక తప్పదు. నా ఓటు మూడోదానికి.

ముందు ఉపగ్రహం సంగతి. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ, తీరం నుంచి వందల కిలోమీటర్ల దూరంలో ఉండి కూడా, చేపలు ఎక్కువగా దొరికే అవకాశమున్న చోట్లు ఫలానా అని మత్స్యకారులకు రోజూ చెబుతోంది. అది చూసేది చేపల్ని కాదు. సముద్రం పైపొర ఎంత వేడిగా ఉంది, నీటిలో తేలే సూక్ష్మమైన వృక్ష ప్లవకాల పచ్చదనం ఎక్కడ చిక్కబడింది అన్నవి చూసి, మేత ఉన్నచోటికి చేప వస్తుందని లెక్కగడుతుంది. ఇదే సమాచారంతో రక్షణ ప్రాంతం ఎక్కడ గీస్తే మేలో కూడా ఆలోచించవచ్చు. పడవల మీద నిఘాకైతే దీనికి సాటి లేదు. 2024లో వచ్చిన ఒక అధ్యయనం రాడార్ ఉపగ్రహ చిత్రాలు జల్లెడ పట్టి, ప్రపంచంలోని పెద్ద వేట నౌకల్లో 72 నుంచి 76 శాతం దాకా బహిరంగ ట్రాకింగ్‌లో (నౌకలు తామెక్కడున్నాయో తామే తెలియజేసే ఏర్పాటులో) కనబడకుండానే తిరుగుతున్నాయని తేల్చింది. ఏ దేశానికీ చెందని సముద్రం కోసం 2023లో కుదిరిన ఒప్పందం అమలు కావాలన్నా ఈ కన్నే దిక్కు. అంత దూరం గస్తీ పడవలు పంపే స్తోమత చాలా దేశాలకు లేదు.

అయితే అది చూసేది పైపొరే. వర్షాకాలంలో మబ్బులు కమ్మితే నీటి రంగు చూడటమే కుదరదు. గోదావరి కలిసే చోట బురద నీరు పచ్చదనం లెక్కను తప్పుదోవ పట్టిస్తుంది. లోతు సంగతి తెలుసుకోవడానికి ఆర్గో తేలియాడే యంత్రాలు దాదాపు 4,000 పనిచేస్తున్నాయి. పది రోజులకోసారి 2,000 మీటర్ల లోతుకు దిగి వేడి, ఉప్పదనం కొలిచి పైకొచ్చి కబురు పంపుతాయి. ఎంతో విలువైన సమాచారం. కానీ అది చేప బతికే ఇంటి గురించి చెబుతుంది. ఇంట్లో ఎవరున్నారో చెప్పదు.

ఎవరున్నారో చెప్పేది నీటి సీసా. చేప ఈదుతూ పొలుసులు, జిగురు, మలం నీటిలో వదులుతుంది. వాటిలో దాని డీఎన్‌ఏ ఉంటుంది. లీటరో రెండు లీటర్లో నీళ్లు తీసుకుని, రూపాయి బిళ్ల కంటే కాస్త పెద్దదైన ఫిల్టర్ గుండా పంపుతో నెడతారు. మన తీరంలాంటి మట్టినీటిలో ఫిల్టర్ త్వరగా పూడుకుపోతుంది, చేతి పంపయితే నొక్కేవాళ్ల వేళ్లు నొప్పెడతాయి. ఆ ఫిల్టర్‌ని సంరక్షణ ద్రవంలో వేసి ల్యాబ్‌కు పంపుతారు. పడవలోనే ఇంకో సీసాలో శుభ్రమైన నీళ్లు కూడా తీసుకెళ్లి, వాటినీ అలాగే వడకడతారు. ఆ నీళ్లలో కూడా చేప డీఎన్‌ఏ కనబడిందంటే ఎక్కడో చెయ్యి తగిలింది, శాంపిల్ కలుషితమైందని అర్థం. ఈ ఒక్క జాగ్రత్త చూస్తేనే ఈ పని ఎంత సున్నితమైనదో తెలుస్తుంది.

ఫలితాలు మాత్రం అబ్బురపరుస్తాయి. 2015లో పరిశోధకుడు మసాకి మియా బృందం జపాన్‌లోని ఒకినావా అక్వేరియంలో పరీక్షిస్తే, తొట్లలో ఉన్నాయని తెలిసిన 180 జాతుల్లో 168 నీటి డీఎన్‌ఏతోనే దొరికాయి. ఒక్క చేపా చావలేదు. యునెస్కో ఇదే పద్ధతిని 21 సముద్ర వారసత్వ ప్రాంతాలకు తీసుకెళ్లి, స్థానికుల చేత, పిల్లల చేత నీళ్లు పట్టించింది. వలకు చిక్కనివి, మనిషిని చూస్తే దాక్కునేవి, రాత్రిపూట తిరిగేవి కూడా ఇందులో పడతాయి.

కొత్త పద్ధతి మోజులో మరిచిపోకూడనివీ ఉన్నాయి. సీసా పేరు చెబుతుంది, సంఖ్య కచ్చితంగా చెప్పలేదు. వంజరం ఉందంటుంది, గుడ్లు పెట్టే వయసుదా, పిల్లా అన్నది చెప్పదు. వేట ఒత్తిడి మొదట కనబడేది సైజులోనే కదా! పేరు చెప్పడం కూడా ఆ జాతి డీఎన్‌ఏ ముందే నమోదై ఉంటేనే. పైగా హార్బర్ దగ్గర నీళ్లు పడితే, ఎక్కడో దూరాన పట్టిన చేపల్ని కడిగిన నీళ్లు, కరిగిన ఐసు అన్నీ అందులోనే కలిసి ఉంటాయి. ఆ డీఎన్‌ఏ చూసి ఆ చేప ఇక్కడే ఉందనుకుంటే పొరపాటు.

ఇక మూడోది. తెల్లారుజామున ఫిషింగ్ హార్బర్‌లో బోట్లు దిగుతుంటే, వేలంపాట హడావుడి మధ్య ఒకరిద్దరు కొలబద్ద అమర్చిన పలక పట్టుకుని కూర్చుంటారు. చేపను పలక మీద పడుకోబెట్టి, మూతి నుంచి తోక చివరిదాకా కొలిచి రాసుకుంటారు. కొన్నింటిని కొని ల్యాబ్‌లో కోస్తారు: గుడ్లు ఏ దశలో ఉన్నాయో చూస్తారు, తలలో లోపలి చెవిలో ఉండే రాయిలాంటి చిన్న ముక్క తీసి, దాని మీది వలయాలు లెక్కపెట్టి వయసు కడతారు. మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ దశాబ్దాలుగా రేవు రేవునా ఇలా లెక్కలు కడుతోంది. చూడ్డానికి ఏ ఆకర్షణా లేని పని. ఈ రాత పుస్తకాల విలువ మాత్రం నా దృష్టిలో వెలకట్టలేనిది.

దీనిలోనూ గొయ్యి ఉంది. కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్‌లో కాడ్ చేపల కథే అందుకు సాక్ష్యం. చేపలు తగ్గుతున్నా మిగిలినవి గుంపులుగా ఒకచోట చేరడంతో ట్రాలర్ల వలలు నిండుతూనే వచ్చాయి. ఆ నిండిన వలల్ని లెక్కలో వేసుకున్నవారు సముద్రంలో ఉన్నదానికన్నా ఎక్కువ ఉందనుకున్నారు. ఒడ్డు దగ్గర చిన్న పడవల వాళ్లు చేప తగ్గిందని మొత్తుకుంటూనే ఉన్నారు. 1992 జులైలో వేట ఆపేయాల్సి వచ్చింది, సుమారు 30 వేల మందికి బతుకుతెరువు పోయింది. కాబట్టి రేవులో దిగిన చేప ఒక్కటే కొలమానం కాకూడదు. మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవల వేట నిషేధం. ఆ రోజుల్లో ఆ పడవల నుంచి డేటా రాదు. ఒక ప్రాంతంలో వేట పూర్తిగా ఆపితే అక్కడి లెక్క అసలే ఉండదు. రక్షణ ఫలిస్తోందా అని అడగాల్సిన చోటే రేవు పుస్తకం ఖాళీ!

అందుకే నేను అనేది వేటతో సంబంధం లేని లెక్క: అదే చోట, అదే కాలంలో, అదే పద్ధతిలో, ఏళ్ల తరబడి. మెక్సికోలోని కాబో పుల్మోలో 1995లో రక్షిత ప్రాంతం ప్రకటించారు. అక్కడి మత్స్యకార కుటుంబాలే వేట మానుకుని కాపలా కాశాయి. పరిశోధకులు 1999లో నీట మునిగి లెక్కపెట్టారు, 2009లో మళ్లీ లెక్కపెట్టారు. చేపల మొత్తం బరువు 463 శాతం పెరిగింది. అదే అధ్యయనంలో కాలిఫోర్నియా సింధుశాఖలోని మిగతా రక్షిత ప్రాంతాలూ ఉన్నాయి. అక్కడ చెప్పుకోదగ్గ మార్పు లేదు! మ్యాపులో అన్నీ రక్షిత ప్రాంతాలే, శాతంలో అన్నీ కలుస్తాయి. ఒకటి బతికిందని, మిగతావి పేరుకే ఉన్నాయని బయటపెట్టింది రెండోసారి మునిగి చేసిన ఆ లెక్కే. ఉపగ్రహానికి ఈ తేడా అందదు. సీసాకు కొంతవరకే అందుతుంది.

కాబట్టి గీత ఎక్కడ గీయాలి, దొంగ వేట ఎవరు చేస్తున్నారు అన్నదే ప్రశ్నయితే ఉపగ్రహం మేలు. లోతు సముద్రంలో, ఇప్పటిదాకా ఎవరూ చూడని చోట ఏమున్నాయో తెలియాలంటే సీసా మేలు. 30 శాతం నిజంగా పనిచేస్తోందా అన్న ప్రశ్నకు మాత్రం పదేపదే చేసే లెక్క తప్ప గత్యంతరం లేదు. డబ్బు ఒక్కదానికే ఉంటే దానికే ఇవ్వాలి.

మన దగ్గర గోదావరి ముఖద్వారంలో నీట మునిగితే బురద తప్ప ఏమీ కనబడదు, కాబో పుల్మో పద్ధతి పనికిరాదు. కోరింగ మడ అడవుల పాయల్లో అయితే ఎంచుకున్న కొన్ని చోట్ల, ఒకే కన్ను సైజున్న వలతో, ఏటా అవే నెలల్లో చేప పట్టి, కొలిచి, బతికుండగానే వదిలేయవచ్చు. పక్కనే ఒక సీసా నీళ్లూ పట్టవచ్చు. ఈ పనికి ఆ ఊళ్ల మత్స్యకార యువతనే జీతమిచ్చి పెట్టుకోవాలి, వాళ్లకు పాయలూ తెలుసు, చేపా తెలుసు. ఏ కొత్త చోటైనా రక్షిత ప్రాంతంగా ప్రకటించే ముందు ఏడాదే ఈ లెక్క మొదలవ్వాలి, జీవోలోనే పదేళ్లకు సరిపడా నిధి చూపించాలి.