టొయోసులో ట్యూనా వేలం, ఆ తర్వాత ఒక గిన్నె అన్నం: మా అనుభవం

టోక్యోలో ఎనిమిదేళ్లుగా ఉంటున్నాం కానీ, టొయోసు మార్కెట్‌లో ట్యూనా వేలం చూడడం మాకు ఈ ఫిబ్రవరిలోనే కుదిరింది. కింది వరుసలో నిలబడి దగ్గర నుంచి చూడాలంటే ముందే ఆన్‌లైన్‌లో పేర్లు ఇవ్వాలి, వాళ్లు లాటరీ తీస్తారు. మూడుసార్లు రాలేదు, నాలుగోసారి వచ్చింది. టికెట్ ఏమీ లేదు, పూర్తిగా ఉచితం. లాటరీ రాకపోయినా పై అంతస్తు అద్దాల వెనక నుంచి ఎవరైనా చూడొచ్చు. అయితే అక్కడికి లోపలి అరుపులు సరిగ్గా వినిపించవు. కిందికీ పైకీ తేడా అదే.

ఇంటి నుంచి సైకిల్ మీద ఇరవై నిమిషాలు. చలికి వేళ్లు కొంకర్లు పోయాయి. "ఇంత పొద్దున్నే చచ్చిన చేపల్ని చూడ్డానికా?" అన్నారు మా ఆయన దారిలో. "రండి, చూశాక మీరే చెప్పండి" అన్నాను. ఇక్కడికి రాకముందు రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్‌లో ఆరేళ్లు క్వాలిటీ చెకింగ్ చేశాను. సరుకును చూసి ధర కట్టే మనిషి చేతులు ఎలా కదులుతాయో చూడడం నాకు అప్పటి నుంచీ ఇష్టం.

లోపల నేలంతా ఆకుపచ్చ రంగు. ఎర్రటి మాంసం రంగు దాని మీద స్పష్టంగా తెలుస్తుందని అలా వేశారట. మొప్పలు, పేగులు తీసిన చేపలు వరుసగా పడుకోబెట్టి ఉన్నాయి. ఒక్కోదాని తోక కోసి, ఆ ముక్కను పక్కనే పెట్టారు. ఒంటి మీద కాగితం అతికించి బరువు, ఊరు రాశారు. రబ్బరు బూట్లు, టోపీకి లైసెన్సు బిళ్ల, ఒక చేతిలో చిన్న కొక్కెం, ఇంకో చేతిలో టార్చి. కొనేవాళ్లంతా ఇదే వేషం.

నా ఎదురుగా ఒక పెద్దాయన ఉన్నారు, అరవై దాటి ఉంటాయి. తోక కోసిన చోట టార్చి వేసి చూశారు. కొక్కెంతో చిటికెడు మాంసం గీకి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నలిపారు. నెయ్యి పూస చూసినట్టు మెల్లగా, రెండుసార్లు. వేళ్లకు ఎంత కొవ్వు అంటిందో చూసుకుని టార్చి ఆర్పి, మాట్లాడకుండా తర్వాతి చేప దగ్గరికి వెళ్లిపోయారు. ఒక్కో చేపకూ పది సెకన్లు కూడా పట్టలేదు. లక్షల యెన్ల సరుకు గురించి నిర్ణయం ఆ పది సెకన్లలో అయిపోతోంది. మా ప్లాంట్‌లో రొయ్య తల నొక్కి చూసే సూపర్‌వైజర్ గుర్తొచ్చారు.

గంట మోగింది. వేలం పాడే ఆయన చిన్న పీట ఎక్కి రాగం తీసినట్టు పాడుతుంటే, కొనేవాళ్లు నోరు మెదపకుండా వేళ్లతో ధర చూపిస్తున్నారు. ఎవరు కొన్నారో మాకు తెలిసేలోపే పక్క చేప మొదలైంది. మా బ్యాచ్‌కి ఇచ్చిన పది నిమిషాలు అయిపోయాయి. "ఇంకాసేపు ఉండనిస్తే బాగుండేది" అన్నారు మా ఆయన. సైకిల్ మీద ఏమన్నారో నేను గుర్తు చేయలేదు.

బయటికొచ్చే ముందు అక్కడున్న పెద్ద ట్యూనా బొమ్మ చూడండి. 1986లో పాత త్సుకిజి మార్కెట్‌కి వచ్చిన చేప కొలతలతో చేశారు. 2.88 మీటర్ల పొడవు, 496 కిలోలు. దాని పక్కన నిలబడితే మా ఆయన చిన్నపిల్లాడిలా కనిపించారు.

ధరల గురించి కొంచెం వివరంగా రాయాలి, ఎందుకంటే మా బంధువులంతా అడిగేది అదే. ట్యూనాల్లో పెద్దదీ ఖరీదైనదీ అయిన బ్లూఫిన్ రకం అనగానే జనవరి 5న జరిగే కొత్త సంవత్సరం తొలి వేలం వార్తే అందరికీ గుర్తొస్తుంది. 2019లో ఆవొమొరి జిల్లా ఓమా రేవుకి చెందిన 278 కిలోల చేప 33.36 కోట్ల యెన్లకు పోయింది. 2026లో అదే ఓమా నుంచి వచ్చిన 243 కిలోల చేప 51.03 కోట్లు పలికింది. అంటే కిలో 21 లక్షల యెన్లు. రెండుసార్లూ కొన్నది సుషీ జన్‌మై హోటళ్లు నడిపే కియోషి కిమురా గారి కంపెనీయే. కానీ కరోనా కాలంలో, 2022 తొలి వేలంలో, 211 కిలోల చేప 1.688 కోట్లకే పోయింది, కిలో 80 వేలు. చేప నాణ్యత అంతలా మారలేదు, కొనేవాళ్ల ఉత్సాహమే మారింది. ఆ రోజు ధరలో శుభారంభం ఉంది, పేపర్లలో ఫొటో ఉంది, ప్రచారం ఉంది. మామూలు రోజు మంచి బ్లూఫిన్ కిలో కొన్ని వేల యెన్ల నుంచి పదివేలు దాటే వరకూ పలుకుతుంది. ఖరీదే, కానీ ఏడాదికి ఒకసారి మనలాంటివాళ్లకూ అందుతుంది.

మేం తిన్నది మార్కెట్ భవనంలోనే ఉన్న ఒక చిన్న కొట్టులో. తొమ్మిది మంది కూర్చునే చోటు, బయట యాభై నిమిషాల క్యూ. చలిలో ఆ యాభై నిమిషాలు కష్టమే. పిల్లలతో వెళ్లేవాళ్లు ఆలోచించుకోండి. డబ్బు నోట్లలోనే తీసుకుంటారు, మెనూ జపనీస్‌లోనే ఉంటుంది.

అయినా నేను ఈ కొట్టుకే మళ్లీ వెళ్తాను. కారణం గోడ మీద ఉన్న తెల్ల బోర్డు. ఆ రోజు చేప ఏ రేవుది, ఏ పద్ధతిలో పట్టారు, ఎన్ని కిలోలు అన్న మూడూ చేత్తో రాసి ఉన్నాయి. మేం వెళ్లిన రోజు 142 కిలోల చేప, పొడవాటి తాడుకు గాలాలు కట్టి పట్టింది. మేం తీసుకున్న గిన్నె 3,400 యెన్లు. అందులో అకామి నాలుగు ముక్కలు, ఓ మోస్తరు కొవ్వుండే చుటోరో మూడు, బాగా కొవ్వుండే ఓటోరో ఒకటి. అకామి అంటే వెన్ను వైపు ఉండే ముదురు ఎరుపు మాంసం. నాకు అన్నిటికంటే అదే నచ్చింది. కాస్త పులుపు, కాస్త ఇనుము లాంటి రుచి, తిన్నాక నాలుక మీద చాలాసేపు నిలిచే కమ్మదనం. ఓటోరో పొట్ట భాగం, నోట్లో పెట్టగానే వెన్నలా కరిగిపోతుంది. ఒక్క ముక్క చాలు. రెండో ముక్కకి మొహం మొత్తేదేమో. అన్నం గోరువెచ్చగా ఉంది. చాలామంది గమనించరు కానీ, అన్నం మరీ వేడిగా ఉంటే కింది ముక్క రంగు మారిపోతుంది.

లెక్క తీర్చేటప్పుడు కత్తి పట్టుకున్న ఆయన్ని అడిగాను, "చిన్న చేపలు కూడా తెస్తారా?" అని. ఆయన తల అడ్డంగా ఊపి, "ముప్పై కిలోల లోపువి నేను కొనను" అన్నారు. ఆ ఒక్క మాటకే ఈ రివ్యూ రాస్తున్నాను.

ముప్పై కిలోలు అన్నది ఆయన సొంత లెక్క కాదు. పసిఫిక్ బ్లూఫిన్‌కి సంబంధించిన నియమాలన్నీ ఆ గీత చుట్టూనే తిరుగుతాయి. అంతకంటే తక్కువ బరువున్నవి మూడేళ్లు, అంతకంటే చిన్న వయసువి. ఎక్కువ భాగం ఒక్కసారైనా గుడ్లు పెట్టనివే. దశాబ్దాల పాటు వలల్లో పడిన చేపల్లో, సంఖ్యలో చూస్తే, ఎక్కువ ఆ పిల్లలే. దాంతో 2009 ప్రాంతంలో గుడ్లు పెట్టే చేపల నిల్వ, వేటే లేకపోతే ఉండాల్సిన దానిలో 2 శాతం దగ్గరికి పడిపోయింది. అప్పుడు పశ్చిమ, మధ్య పసిఫిక్ దేశాల కమిషన్ గట్టి నిర్ణయం తీసుకుంది. 2015 నుంచి ముప్పై కిలోల లోపు చేపల వేటను 2002-04 సగటులో సగానికి కోసేసింది, పెద్దవాటికీ పరిమితి పెట్టింది. జపాన్ వాటాకి వచ్చినవి చిన్నవి 4,007 టన్నులు, పెద్దవి 4,882 టన్నులు.

ఈ కోత ఎవరి పొట్ట మీద పడిందో కూడా చెప్పాలి. 2018లో తీరప్రాంత చిన్న పడవలకీ కోటా చట్టబద్ధంగా వచ్చింది. వేరే చేప కోసం వేసిన వలలో బ్లూఫిన్ పడితే వదిలేయాల్సిన పరిస్థితి. ఆ ఏడాది జాలర్లు టోక్యో వచ్చి నిరసన తెలిపారు. వాళ్ల బాధ నిజం. పెద్ద పెద్ద వలల ఓడలు ఒక్క విడతలో పట్టేది, ఒక్క గాలంతో వెళ్లే మనిషి సీజనంతా పట్టలేడు. ఇద్దరికీ ఒకే నియమం అంటే దెబ్బ ఒకేలా తగలదు.

కానీ ఫలితం వచ్చింది. వేట లేనప్పటి నిల్వలో 20 శాతానికి చేరాలన్న లక్ష్యానికి 2034 వరకు గడువు పెట్టుకుంటే, 2021కే చేరిపోయింది. 2022కి 23.2 శాతం. అందుకే 2025 నుంచి కోటా పెంచారు. జపాన్‌కి పెద్ద చేపలు (అప్పటికే ఒకసారి పెరిగి 5,614 అయ్యాయి) 5,614 నుంచి 8,421 టన్నులకు, చిన్నవి 4,007 నుంచి 4,407 టన్నులకు. పెద్దవాటికి సగం పెంచి, పిల్లలకి పదో వంతే పెంచడం నాకు సబబుగా అనిపించింది.

కోటా ఉన్నచోట దొంగలెక్కలూ ఉంటాయి. పేరున్న ఓమాలోనే లెక్కల్లో చూపకుండా చేప అమ్మిన కేసు బయటపడి, 2023లో అరెస్టులు జరిగాయి. ఆ తర్వాత 2024లో చట్టం సవరించారు. ముప్పై కిలోలు, ఆపైన ఉన్న బ్లూఫిన్‌కి బరువుతో పాటు ఎన్ని చేపలో కూడా చెప్పాలి. చేతులు మారిన ప్రతిసారీ ఆ వివరాలు వెంట రావాలి. ఎగుమతి ప్లాంట్‌లో పనిచేసినదాన్ని కాబట్టి ఇది నాకు బాగా అర్థమవుతుంది. బాక్సు మీద చెరువు నంబరు లేకపోతే మా దగ్గర లోడ్ కదిలేది కాదు. మొదట్లో అందరూ విసుక్కున్నారు, తర్వాత అదే అలవాటైంది.

ఇంటికి వెళ్లే దారిలో సూపర్‌మార్కెట్‌లో ఆగాం. అక్కడ ట్యూనా ప్యాకెట్ల లేబుళ్లు చదవడం ఇప్పుడు మా ఆయనకి కొత్త సరదా. 'తెన్నెన్' అంటే సముద్రంలో పట్టింది, 'యోషొకు' అంటే పెంచింది, 'కైతో' అంటే గడ్డకట్టించి కరిగించింది. ఒక ప్యాకెట్ మీద మాల్టా అని ఉంది. మధ్యధరాలో పట్టి, బోనుల్లో మేపి లావు చేసిన అట్లాంటిక్ బ్లూఫిన్ అది. ఆ సముద్రానిది వేరే కమిషన్. అక్కడా ఇదే కథ నడిచింది. తూర్పు అట్లాంటిక్, మధ్యధరా కోటా 2007లో 29,500 టన్నులు, 2010కి 13,500కి దించారు. చేప తేరుకున్నాక 2023 నుంచి 2025 వరకు ఏడాదికి 40,570 టన్నులు ఇచ్చారు.

పక్కనే 'మెజి మగురో' అని చవకగా ఒక ట్రే ఉంది. మెజి అంటే బ్లూఫిన్ పిల్ల. కోటాలో పట్టినదే, తప్పేమీ లేదు. లేత గులాబీ రంగు, కొవ్వు లేదు. మా ఆయన చేతిలోకి తీసుకుని, చూసి, మళ్లీ అక్కడే పెట్టేశారు.

ఒక ఫిర్యాదు. అంతకుముందు నెలలో టూరిస్టులు ఎక్కువగా తిరిగే ఒక వీధిలో ఇంకో కొట్టులో తిన్నాం. బోర్డు మీద పెద్ద అక్షరాలతో బ్లూఫిన్ అని ఉంది, గిన్నె 5,800 యెన్లు. ముక్కల కింద ఎర్రటి నీరు చేరింది. హడావుడిగా కరిగించిన సరుకని చూడగానే తెలిసింది. ఎక్కడి చేప అని మర్యాదగా అడిగితే, "మంచి చేప" అన్నారు. మళ్లీ అడిగితే అటు తిరిగిపోయారు. ఆ డబ్బు పోయినందుకు కాదు, నేను అడిగినదానికి వాళ్ల దగ్గర జవాబే లేనందుకు కోపం వచ్చింది.

మార్కులు అడిగితే వేలానికి 5కి 5, తెల్ల బోర్డు కొట్టుకి 4. ఆ తగ్గిన ఒక్క మార్కు క్యూకి. వెళ్లేవాళ్లు ఆదివారాలు, కొన్ని బుధవారాలు మార్కెట్ సెలవని క్యాలెండర్ చూసుకోండి, స్వెటర్ మీద ఇంకో కోటు వేసుకోండి, ఫ్లాష్ కొట్టకండి. వచ్చే నెల లాటరీకి మా ఆయనే పేర్లు ఇచ్చారు, ఈసారి మా అత్తగారి పేరు కూడా కలిపి.