ఆర్‌టీఎక్స్ 5070, ఒక చలికాలం, ఒక వేసవి వాడాక: ఓసీ డబ్బు దండగ, వోల్టేజీ దించడమే లాభం

ఎన్‌విడియా వాళ్ల ఈ గ్రాఫిక్స్ కార్డులో నన్ను నిజంగా మెప్పించింది ఒక్కటే. చిప్ వోల్టేజీని 0.900 వోల్టుల దగ్గర కట్టేస్తే 2700 మెగాహెర్ట్జ్ మీద గంటల తరబడి కదలకుండా నడుస్తుంది. 250 వాట్లు తాగేది 190కి దిగుతుంది. రే ట్రేసింగ్ (వెలుగునీడల్ని నిజంలా లెక్కగట్టి చూపే పద్ధతి) వేసిన గేమ్‌లో, 1440పీ తెర మీద, మామూలుగా సెకనుకి 82 ఫ్రేములు వచ్చే చోట 80 వస్తున్నాయి. ఓవర్‌క్లాక్ (ఓసీ), అంటే వచ్చిన వేగం కంటే పెంచి నడిపితే 87. ఆ ఏడు ఫ్రేముల కోసం ఎంత వాదన జరుగుతుందో తెలుసు. కానీ పశ్చిమ గోదావరి జిల్లా ఆకివీడు, ఉండి ఊళ్ల వైపు కరెంటు మీద, ఇంటి ఇన్వర్టర్‌తో పీసీ నడిపేవాళ్లకి లెక్క వేరండీ.

కొన్న కొత్తలో కోర్‌కి 350, మెమరీకి 2000 మెగాహెర్ట్జ్ కలిపినా చెక్కు చెదరలేదని మెచ్చుకున్నాను. అది చలికాలపు మాట. గది 24 డిగ్రీలున్నప్పుడు నిలబడిన సెట్టింగు రోహిణి కార్తె ఉక్కపోతలో, 36 డిగ్రీల గదిలో నిలబడలేదు. కోర్ 350 నుంచి 250కి దిగింది. మెమరీ సంగతి ఇంకా తమాషా. అది క్రాష్ అవదు, తెర మీద చుక్కలూ రావు, ఫ్రేములు మాత్రం తగ్గిపోతాయి. ఈ కార్డులో ఉన్న జీడీడీఆర్7 రకం మెమరీలో తప్పుల్ని పట్టుకుని సరిచేసే ఏర్పాటు ఉంది. హద్దు దాటి లాగితే ఆ దిద్దుబాట్లకే సమయం పోతుంది. అందుకని క్రాష్ కాలేదు కాబట్టి బాగానే ఉందనుకోకూడదు. మెమరీని 250 చొప్పున పెంచుతూ ప్రతిసారీ బెంచ్‌మార్క్ (వేగం కొలిచే పరీక్ష) స్కోరు రాసుకోవాలి. స్కోరు ఎక్కడ వెనక్కి తగ్గితే అక్కడి నుంచి ఇంకో 500 దించి ఆపాలి. ఇక్కడి వేసవికి నా కార్డు మెమరీ 1000 దగ్గర ఆగింది.

ఇక అసలు గొడవ. మే నెలలో రాత్రి ఎనిమిదీ పది మధ్య పీసీ దానంతటదే ఆరిపోవడం మొదలైంది. వీడియో ఎక్స్‌పోర్ట్ ఎనభై శాతం దాటాక ఒకసారి, గేమ్‌లో రెండుసార్లు. విండోస్ చిట్టా అయిన ఈవెంట్ వ్యూయర్‌లో కెర్నల్ పవర్ 41 (సరిగ్గా షట్‌డౌన్ కాకుండానే ఆరిందనే నమోదు) తప్ప ఇంకేమీ లేదు, క్రాష్ వివరాలు దాచే డంప్ ఫైలూ లేదు. డ్రైవర్ పడిపోతే ఏదో ఒక ఆనవాలు మిగులుతుంది. ఇలా శుభ్రంగా ఆరిందంటే చాలావరకు అందాల్సిన కరెంటే అందలేదన్నమాట. మొదట పీసీలోని పవర్ సప్లైని, అదే ఎస్‌ఎంపీఎస్‌ని అనుమానించాను, 750 వాట్లది. దాని తప్పేమీ లేదు.

ఆరిన ప్రతిసారీ ఇన్వర్టర్ మీద ఓవర్‌లోడ్ ఎర్రదీపం వెలుగుతోంది, పైన ఫ్యాన్ రెక్కలు నెమ్మదిస్తున్నాయి. కరెంటు మాత్రం పోలేదు, మీటరు దగ్గర ఉంది. మల్టీమీటర్ పెట్టి చూస్తే 172 వోల్టులు. చేపలు, రొయ్యల చెరువుల మీద ఏరేటర్లు (నీటికి గాలి పట్టించే మోటార్లు) తిరిగేది రాత్రిళ్లే. అదే లైను చివర ఉన్న ఇళ్లకి వోల్టేజీ జారిపోతుంది. ఇన్వర్టర్ యూపీఎస్ మోడ్‌లో ఉంటే 180 కంటే తగ్గగానే కరెంటు లేనట్టే లెక్కేసి బ్యాటరీ మీదకి వెళ్లిపోతుంది. అంటే కరెంటు ఉండగానే ఇల్లంతా బ్యాటరీ మీద నడుస్తోంది!

ప్లగ్ వాట్‌మీటర్ పెట్టి తీసిన లెక్క ఇది. ఓవర్‌క్లాక్‌లో పీసీ, మానిటర్ కలిపి గోడ దగ్గర 465 వాట్లు. కార్డు వచ్చినట్టే వదిలేస్తే 440. కార్డు వోల్టేజీ దించితే 365. వీటి మీద పాత ఫ్యాన్లు మూడు, ఒక్కోటి 75, లైట్లూ రూటరూ ఇంకో 40. మొత్తం 265 కలపండి. ఇన్వర్టర్ పెట్టె మీద 900 అని పెద్దగా ఉంటుంది, అది వీఏ (వోల్ట్-ఆంపియర్లు). వాట్లలో 720 దాటదు. ఓవర్‌క్లాక్‌తో 730, కాబట్టి పడుకుంటుంది. మామూలుగా 705, అంచు మీద నిలుస్తుంది. కానీ గ్రాఫిక్స్ కార్డు మిల్లీసెకన్లపాటు చెప్పిన వాట్ల కంటే బాగా ఎక్కువ లాగుతుంది, ఆ కుదుపుకే ఒకసారి పడింది. వోల్టేజీ దించాక 630. అప్పటి నుంచి వేసవంతా ఒక్కసారీ ఆరలేదు.

లైను వోల్టేజీ జారినప్పుడు బ్యాటరీకి వెళ్లకుండా ఇన్వర్టర్‌ని నార్మల్ మోడ్‌కి మారిస్తే పోలేదా అంటే, అదీ చూశాను. నార్మల్‌లో 100 వోల్టుల దాకా ఓర్చుకుంటుంది గానీ కరెంటు నిజంగా పోయినప్పుడు మారడానికి 40 మిల్లీసెకన్ల దాకా తీసుకోవచ్చు. ఎస్‌ఎంపీఎస్ తనలో దాచుకున్న కరెంటుతో నిలిచేది 16, 17 మిల్లీసెకన్లు. పీసీ రీస్టార్ట్ అయి కూర్చుంటుంది. యూపీఎస్ మోడ్‌లోనే ఉంచి లోడ్ తగ్గించడం తప్ప వేరే దారి కనపడలేదు.

చేసే పద్ధతి: ముందు గేమ్ పావుగంట ఆడించి కార్డుని వేడెక్కనివ్వాలి. చల్లగా ఉన్నప్పుడు గీసిన కర్వ్ (ఏ వోల్టేజీకి ఎంత వేగమో చూపే గీత) వేడెక్కాక మెట్లు మెట్లుగా జారుతుంది. కార్డు సెట్టింగులు మార్చే ఆఫ్టర్‌బర్నర్ సాఫ్ట్‌వేర్‌లో కోర్ క్లాక్‌ని 400 తగ్గించి అప్లై చేయండి. కంట్రోల్, ఎఫ్ కలిపి నొక్కితే కర్వ్ తెరుచుకుంటుంది. 900 మిల్లీవోల్టుల చుక్కని పట్టుకుని 2700కి లేపి మళ్లీ అప్లై చేస్తే, దానికి కుడివైపు గీత అంతా చదునైపోతుంది. నా దాంట్లో 2800 పెడితే స్టీల్ నోమాడ్ అనే బెంచ్‌మార్క్ పరీక్షే దాటలేదు. 2750 పరీక్ష దాటింది, రే ట్రేసింగ్ గేమ్‌లో నలభై నిమిషాలకి పడింది. బెంచ్‌మార్క్ గట్టెక్కితే చాలనుకోవద్దు. వారం రోజులు వాడాకే స్టార్టప్‌లో అప్లై అయ్యేలా టిక్ పెట్టండి.

వేడి కూడా దిగింది. అదే 36 డిగ్రీల గదిలో ఓవర్‌క్లాక్‌తో 79 డిగ్రీలు, కార్డు ఫ్యాన్లు నిమిషానికి 2300 చుట్లు. ఇప్పుడు 66, 1450. ఈ సిరీస్‌లో హాట్‌స్పాట్ రీడింగ్ (చిప్‌లో అన్నిటికంటే వేడి చోటు ఎంతుందో చెప్పేది) తీసేశారు, అది నాకు నచ్చలేదు. చిప్‌కీ హీట్‌సింక్‌కీ మధ్య పేస్ట్ ఎండిపోతోందా, దుమ్ము పట్టిందా అనేది ముందుగా చెప్పేది అదే. ఇప్పుడు ఫ్యాన్ వేగం చూసి పసిగట్టాలి. అదే లోడు, అదే గది, అదే 66 డిగ్రీలు ఉండి చుట్లు 1450 నుంచి 1700కి పెరిగితే హీట్‌సింక్ రెక్కల మధ్య ఏదో అడ్డుపడిందని. రైస్ మిల్లులున్న ఊళ్లలో అది ఊక బూడిదే. నల్లగా, మెత్తగా, తేమకి అతుక్కుపోయి ఉంటుంది. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కని వేలితో పట్టుకోవాలి. వదిలేస్తే గాలికి వేగంగా తిరిగి బేరింగు పాడవుతుంది.

ధర మాట. 2025లో విడుదలైనప్పుడు మన దేశంలో 5070 మొదలు ధర రూ. 59,000. మూడు ఫ్యాన్ల ఓసీ మోడళ్లకి ఏడెనిమిది వేలు ఎక్కువ అడుగుతారు. దానికి ఫ్యాక్టరీలో కలిపి ఇచ్చేది రెండు మూడు శాతం వేగం, అది మనం అరనిమిషంలో కలుపుకోవచ్చు, ఆ తర్వాత మేలో తీసేసుకోవాల్సిందే. పెద్ద హీట్‌సింక్ చప్పుడు తగ్గిస్తుంది, అది ఒప్పుకుంటాను. కానీ 190 వాట్లకి రెండు ఫ్యాన్లది సరిపోతోంది. ఆ ఎనిమిది వేలతో ఇంట్లోని మూడు ఫ్యాన్లూ తక్కువ కరెంటు తాగే బీఎల్‌డీసీ రకానివి మార్చుకుంటే ఇన్వర్టర్ మీద ఇంకో 135 వాట్లు తగ్గుతాయి.

కార్డులోని 12 జీబీ మెమరీ నాకు 1440పీలో సరిపోయింది, టెక్స్చర్లు (గేమ్ బొమ్మల పైపూత వివరాలు) ఒక మెట్టు తగ్గించిన రెండు గేములు పక్కన పెడితే. 4కే ఆడేవాళ్లకి చాలదు. వీడియో ఎడిటింగ్ పని లేనివాళ్లయితే ఏఎండీ 9070 చూడండి, 16 జీబీ, 220 వాట్లే. ఏసీ గది, పట్నం కరెంటు ఉన్నవాళ్లు ఓవర్‌క్లాక్ నిశ్చింతగా వాడుకోవచ్చు. విడుదలప్పటి రూ. 80,000 మొదలు ధరకి 5070 టీఐ మంచి కార్డే. కానీ అది 300 వాట్లు, నా ఇన్వర్టర్‌కి నాలుగేళ్ల బ్యాటరీ ఉంది. కొత్త బ్యాటరీ, బీఎల్‌డీసీ ఫ్యాన్లు వేశాక ఓ వేసవి చూసి అప్పుడు ఆ మాట మళ్లీ ఎత్తుతాను.