గల్లా దగ్గర 14 ఏళ్లు, ఆపరేషన్ బల్ల మీద 40 నిమిషాలు

నాకు మొలల (పైల్స్) ఆపరేషన్ చేసిన ఆసుపత్రి పేరు రాయడం లేదు. పొగిడేదీ ఉంది, తిట్టేదీ ఉంది. పేరు లేకపోతే రెండూ తీరిగ్గా చెప్పుకోవచ్చు.

నేను కడప వై.వి. స్ట్రీట్‌లో ఒక బట్టల షాపులో గల్లా చూస్తాను. 14 ఏళ్లుగా పొద్దున పదికి కూర్చుంటే మళ్లీ లేచేది రాత్రి తొమ్మిదిన్నరకే. తాగితే లేవాల్సొస్తుందని నీళ్లు తక్కువ, సాయంత్రమైతే కారం దోసె ఎక్కువ. మొలలు ఆరేళ్ల నుంచీ ఉన్నాయి. మొదట్లో రక్తం పడేది, అంతే. తర్వాత బయటికి వచ్చి వాటంతటవే లోపలికి పోయేవి. కిందటేడు నుంచి వేలితో తోస్తే గానీ పోవడం లేదు. ఈ సంగతి మా ఆవిడకు కూడా చెప్పలేదు. పండగ రష్‌లో షాపు మెట్లెక్కుతూ కళ్లు తిరిగి కూలబడ్డాక దాచడానికి ఇంకేం మిగల్లేదు.

ముందు వెళ్లింది వేరే చోటికి. బోర్డు నిండా లేజరే. డాక్టరు రెండు నిమిషాలు చూసి, "నొప్పి ఉండదు, మర్నాడే పనికి పోవచ్చు" అని కౌన్సెలర్ దగ్గరికి పంపాడు. ఆ అమ్మాయి 85 వేలు అంది. ఈ రోజే అడ్వాన్స్ కడితే 70కి చేయిస్తానంది. అన్నా, నేను బట్టల షాపులో పనిచేసేవాణ్ణి. ఆ మాట మేము రోజుకు ఇరవైసార్లు అంటాం. లేచి వచ్చేశాను.

రెండో చోట సర్జన్ అడిగిన మొదటి ప్రశ్న, "దానంతటదే లోపలికి పోతోందా, తోయాలా?" తోయాలంటే మూడో గ్రేడట, తోసినా పోకపోతే నాలుగు. చిన్న గొట్టం పెట్టి చూశాక, చీటీ వెనకాల బొమ్మ గీశాడు. ఒకటీ రెండు గ్రేడుల్లో వచ్చి ఉంటే మొల మొదలు దగ్గర రబ్బరు బ్యాండు వేసి ఓపీలోనే పంపేసేవాడట. మత్తు అక్కర్లేదు, వారం పది రోజుల్లో ఎండి రాలిపోతుంది. స్టాప్లర్ అనే ఆపరేషన్ పరికరం అయితే లోపల పైభాగంలో చుట్టూతా ఒక పట్టీ కత్తిరించి, జారినదాన్ని పైకి లాగి బిగిస్తుంది. నొప్పి తక్కువే కానీ బయట వేలాడే చర్మం అలాగే ఉంటుంది. పైగా కోసి తీసినదానికంటే మళ్లీ వచ్చే అవకాశం ఎక్కువ. లేజర్ మొల లోపలికి వేడి పంపి కుంచించుకుపోయేలా చేస్తుంది, మరీ పెద్దవి కాకపోతే బాగానే పనిచేస్తుందన్నాడు.

"మీకు మూడు చోట్ల ఉన్నాయి, బయట కూడా ఉంది. పాత పద్ధతే మేలు. లండన్‌లో మిల్లిగన్, మోర్గాన్ అని ఇద్దరు సర్జన్లు 1937లో రాసింది. కోసి తీసేసి పుండును కుట్టకుండా వదిలేస్తాం. నొప్పి ఉంటుంది. మానడానికి నెల, నెలన్నర పడుతుంది."

నొప్పి ఉంటుందన్నాడు చూడండి, నాకు నమ్మకం కుదిరింది అక్కడే.

నాకు 48. ఈ వయసులో రక్తం పడుతుంటే మొలల మీదికి నెట్టేసి ఊరుకోకూడదని, పెద్దపేగు లోపల కెమెరా గొట్టంతో చూసే కొలనోస్కోపీ చేయించాడు. అందులో ఏమీ లేదు. హిమోగ్లోబిన్ మాత్రం 8.6, ఒంట్లో రక్తం బాగా తగ్గిపోయింది. కళ్లు ఎందుకు తిరిగాయో అప్పుడు తెలిసింది. ఐరన్ ఎక్కించి, నెలాగి ఆపరేషన్ చేశారు. వెన్నుకు మత్తు, 40 నిమిషాలు, ఏమీ తెలియలేదు.

తెలిసింది రాత్రి. పదకొండుకు పొత్తికడుపు డప్పులా బిగిసింది, ఒంటేలు ఒక్క చుక్క రాదు. డ్యూటీ నర్సు తాపీగా "ఈ ఆపరేషన్‌కి ఇట్లా అయితాంటాదిలే అన్నా" అంటూ ట్యూబ్ వేసింది. అయితాంటాదని తెలిసినప్పుడు ముందే ఒక మాట చెప్పొచ్చు కదమ్మా? ఒక స్టారు ఇక్కడ పోయింది.

మూడో రోజు ఇంట్లో మొదటిసారి దొడ్డికి వెళ్లాను. విరేచనం మెత్తగా రావడానికి సిరప్ ఇచ్చారు, తాగాను కూడా. అయినా బాత్రూం తలుపు గడియ పట్టుకుని కూర్చున్నవాణ్ణి, లేచేసరికి గడియ నా చేతిలో ఉంది. వారం దాకా ప్రతి పొద్దునా భయమే, పది రోజులు దాటాక తగ్గుముఖం పట్టింది.

గోరువెచ్చని నీళ్లలో రోజుకు మూడుసార్లు కూర్చోమని, కమోడ్ మీద అమర్చే ప్లాస్టిక్ టబ్బు ఒకటి ఇచ్చి బిల్లులో వేశారు. మా ఇంట్లో కమోడ్ లేదు, నేలమట్టం దొడ్డే. ఎవరూ అడగలేదు. మా ఆవిడ బట్టలు నానబెట్టే టబ్బు తోమి, మోచేత్తో వేడి చూసి, "కూర్చో, పసిబిడ్డకు పోసినట్టు పోస్తాండాను" అంది. ఆసుపత్రి టబ్బులో ఇప్పుడు చెనక్కాయలు పోసి పెట్టుకున్నాం.

బిల్లు 46 వేలు చెప్పి, గ్లౌజులు అవీ ఇవీ కలిపి 52 చేశారు. పైల్స్‌కు చాలా ఇన్సూరెన్స్ పాలసీల్లో రెండేళ్ల వెయిటింగ్ ఉంటుంది, అది నిండితే గానీ డబ్బు రాదు. మా ఓనరు కట్టేదానికి మూడేళ్లు నిండాయి కాబట్టి 41 వేలు వచ్చింది. మూడు వారాలకు గల్లా ఎక్కాను. ఇప్పుడు గంటకోసారి లేస్తాను, పక్కన రెండు లీటర్ల బాటిల్ ఉంటుంది. రాత్రి సంగటి, ఆకుకూర పప్పు, పడుకునే ముందు విరేచనం సాఫీగా అయ్యేందుకు ఇసబ్గోల్ పొట్టు. దోసె మానలేదు, పైన కారం పూయొద్దంటాను. బండాయన నన్ను అదోలా చూస్తాడు.

డాక్టరుకు ఐదు, ఆసుపత్రికి మూడు. వెళ్లేవాళ్లు సాయంత్రం ఓపీకి పోవద్దు. ఈ జబ్బుతో వచ్చినవాళ్లను ఇనప బెంచీ మీద గంటన్నర కూర్చోబెడతారు. పొద్దున తొమ్మిదిలోపు టోకెన్ తీసుకుని వరండాలో నిలబడండి, గాలి కూడా వస్తుంది.