సివిల్ దావాలో జ్యూరీనా, జడ్జా, ఆర్బిట్రేటరా: ఏది మేలు?

ఉద్యోగంలో చేరేటప్పుడు ఇచ్చే కాగితాల్లో జీతం చూస్తాం, సెలవులు చూస్తాం, మిగతాది గబగబా స్క్రోల్ చేసి సంతకం పెట్టేస్తాం. ఆ మిగతాదాంట్లోనే తరచూ ఒక పేరా ఉంటుంది: రేపు కంపెనీతో తగాదా వస్తే జ్యూరీని, అంటే కేసు విని నిజానిజాలు తేల్చే మామూలు పౌరుల బృందాన్ని, అడగను, ఆర్బిట్రేషన్‌కే, అంటే కోర్టు బయట ఆర్బిట్రేటర్ అనే మధ్యవర్తి ఇచ్చే తీర్పుకే, వెళ్తాను అని. అమెరికాలో ఉన్న మనవాళ్లు చాలామంది అక్కడ ఏం వదులుకున్నారో తెలియకుండానే వదులుకుంటున్నారు. వాళ్ల తప్పేం లేదు. మన దేశంలో సివిల్ దావా అంటే జడ్జి ఒక్కరే. జ్యూరీ అనగానే గుర్తొచ్చే నానావతి కేసు హత్య కేసు. పార్సీల విడాకుల కోర్టుల్లో మాత్రం 1936 నాటి చట్టం కింద ఆ సమాజం ప్రతినిధులు జడ్జితో పాటు కూర్చుని నిజానిజాలు తేలుస్తారు. మనకున్న సివిల్ జ్యూరీ లాంటిది అదే.

అమెరికాలో ఇది రాజ్యాంగ హక్కు. 1787లో రాసిన అసలు ప్రతిలో క్రిమినల్ కేసులకే జ్యూరీ ఉంది. సివిల్ సంగతి ఎందుకు వదిలేశారని గట్టిగా అభ్యంతరాలు వస్తే 1791లో ఏడో సవరణగా చేర్చారు. దావా విలువ 20 డాలర్లు దాటితే చాలని అప్పుడు రాసిన అంకె ఇప్పటికీ అలాగే ఉంది. ఆ సవరణ ఫెడరల్ (కేంద్ర) కోర్టులకే. రాష్ట్ర కోర్టుల్లో ఆయా రాష్ట్రాల రాజ్యాంగాలు చూసుకోవాలి. నష్టపరిహారం అడిగితే జ్యూరీ, ఫలానా పని ఆపించమని ఆర్డరు అడిగితే జడ్జి అన్నది స్థూలంగా లెక్క. జ్యూరీలో కూర్చోవాలంటే పౌరులై ఉండాలి గానీ, జ్యూరీ కావాలని అడగడానికి పౌరసత్వం అక్కర్లేదు. హెచ్‌1బీ వీసా మీద ఉన్నవాళ్లకూ ఆ హక్కుంది.

మనవాళ్ల భయమల్లా ఒకటే: మన యాస, మన పేరు విని ఆ ముక్కూమొహం తెలియనివాళ్లు ఏమనుకుంటారో అని. నాకూ ఉండేది. పౌరసత్వం వచ్చాక టెక్సస్‌లో మా కౌంటీ కోర్టు నుంచి జ్యూరీ డ్యూటీ పిలుపు వచ్చింది. ఆరుగురిలో నేనొకణ్ణి. వడగళ్ల వానకు ఇంటి రూఫ్ పాడైందని ఒకావిడ, కాదు అది పాతబడి పాడైందని ఇన్సూరెన్స్ కంపెనీ. రెండు వైపుల నిపుణులూ అవే మచ్చలు చూపించి ఎదురెదురు మాటలు చెప్పారు. లోపలి గదిలో తలుపు వేసుకున్నాక నేను వాళ్ల రిపోర్టుల్లో అంకెలు పట్టుకుని కూర్చున్నాను. జీవితమంతా ఇళ్లకు కప్పులు వేసిన ఒక పెద్దాయన మాత్రం ఫొటోల కట్ట తిరగేసి ఒకటి తీశాడు. రూఫ్ వదిలేసి కింద ఉన్న ఏసీ యూనిట్ చూడండి అన్నాడు. దాని పల్చటి రేకులు ఒక వైపు మాత్రమే, రూఫ్ దెబ్బతిన్న వైపే, గుంటలు పడి ఉన్నాయి. రూఫ్ పాతబడితే కింద ఏసీకి గుంటలెందుకు పడతాయి? ఆ ఫొటో కోర్టులో పెట్టిన సాక్ష్యమే. రెండు రోజుల్లో ఒక్క లాయరూ దాని ఊసెత్తలేదు. ఆవిడ ఇంగ్లిష్ తడబడుతూ మాట్లాడేది, స్పానిష్ యాసతో. ఆ యాస గురించి గదిలో ఎవరూ ఒక్క మాట అనలేదు.

ఎవరి మాట నమ్మాలి, మామూలు మనిషైతే ఏం చేసి ఉండేవాడు అన్నవి ముఖ్యమైన చోట జ్యూరీయే మేలని నేను గట్టిగా నమ్మేది అందుకే.

జ్యూరీలు అడ్డగోలుగా డబ్బులిస్తాయనే వాళ్లు మెక్‌డొనాల్డ్స్ కాఫీ కేసు ఎత్తుతారు. 1992లో ఆల్బుకర్కీలో 79 ఏళ్ల ఆవిడ ఒళ్లో కాఫీ ఒలికి, కొత్త చర్మం అతికించాల్సినంతగా కాలింది. ఆమె అడిగింది సుమారు 20,000 డాలర్లు, కంపెనీ ఇస్తానన్నది 800. అంతకుముందు పదేళ్లలో అలా కాలినట్టు 700 దాకా ఫిర్యాదులు కంపెనీ దగ్గరే ఉన్నాయి. జ్యూరీ ఆమెదీ 20 శాతం తప్పని తేల్చి, పరిహారాన్ని 2,00,000 నుంచి 1,60,000కు కోసింది. కంపెనీకి శిక్షగా వేసిన 27 లక్షల డాలర్లు దాని రెండు రోజుల కాఫీ అమ్మకాలంత. దాన్ని జడ్జి 4,80,000కు తగ్గించారు. అంటే జ్యూరీ మీద జడ్జి కన్ను ఎప్పుడూ ఉంటుంది.

జడ్జి ఒక్కరే మేలైన కేసులు లేకపోలేదు. ఇద్దరు కలిసి గ్యాస్ స్టేషన్ కొని లెక్కల్లో చెడితే, అంతా బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఒప్పందంలో ఒక వాక్యానికి అర్థం. అలాంటిది జడ్జికే వదలండి. ఫెడరల్ కోర్టులో జడ్జి ఏ సాక్ష్యాన్ని ఎందుకు నమ్మారో రాసి ఇవ్వాలి. అప్పీలుకు వెళ్తే తప్పెక్కడో చూపించే వీలుంటుంది. జ్యూరీ కారణాలు చెప్పదు.

ఆర్బిట్రేషన్ రెండు కంపెనీల మధ్య బాగానే పనిచేస్తుంది: త్వరగా తేలుతుంది, గుట్టుగా తేలుతుంది. ఒంటరి ఉద్యోగికి ఆ గుట్టే చేటు. అదే కంపెనీ మళ్లీ మళ్లీ వచ్చే చోటికి మీరు జీవితంలో ఒక్కసారి వెళ్తారు. తీర్పు తప్పైనా అప్పీలుకు దారి దాదాపు లేదు. తోటివాళ్లతో కలిసి కేసు వేయకూడదన్న షరతు కూడా చెల్లుతుందని 2018లో అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది. లైంగిక వేధింపుల కేసుల్లో మాత్రం 2022 చట్టం వల్ల బాధితులు ఆ సంతకాన్ని పక్కనపెట్టి కోర్టుకెళ్లొచ్చు.

జ్యూరీ వద్దని ముందే రాయించుకున్న మాట కాలిఫోర్నియా, జార్జియా రాష్ట్ర కోర్టుల్లో చెల్లదు, టెక్సస్‌లో చెల్లుతుంది. ఆర్బిట్రేషన్ పేరా అయితే ఈ మూడు చోట్లా మామూలుగా చెల్లుతుంది. దావా వేశాక ఇంకో గండం ఉంది. ఫెడరల్ కోర్టులో, ఆ అంశం మీద చివరి ప్లీడింగ్ (దావా, దానికి జవాబు లాంటి కాగితం) అందిన 14 రోజుల్లోగా జ్యూరీ కావాలని రాతపూర్వకంగా అడగాలి. మరిచిపోతే హక్కు వదులుకున్నట్టే.

కొన్ని కంపెనీలు ఆర్బిట్రేషన్ వద్దనుకుంటే ఇన్ని రోజుల్లో రాసి పంపమని గడువు ఇస్తాయి. మా చెల్లెలి కాగితాల్లో ఆ గడువు 30 రోజులు, పదిహేడో పేజీలో ఉంది. రెండు వాక్యాల ఈమెయిల్ పంపింది. అందిందని హెచ్‌ఆర్ నుంచి మర్నాడే జవాబొచ్చింది, ఉద్యోగం ఉద్యోగంలాగే ఉంది.