బడి కంప్యూటర్లకు సామాను కొనబోతున్నారా? ఒక సీపీయూ వెంట తీసుకెళ్ళండి

పోయిన నెల మా హైస్కూలు పూర్వ విద్యార్థులం చందాలేసుకున్న డబ్బుతో విజయవాడ వెళ్ళి కంప్యూటర్ సామాను కొన్నాను. మొత్తం 35,280 రూపాయలు. అందులో 14,700 రూపాయల సరుకు పనికిరానిదని ఇంటికొచ్చాక తేలింది. షాపు పేరు రాయను. ఈ పద్ధతి ఆ ఒక్క షాపుదే అని కూడా నేననుకోవడం లేదు.

మాది మంగళగిరి దాటాక ఒక పల్లె. మా బ్యాచ్ వాడొకడు హైదరాబాద్‌లో తన ఆఫీసు వాళ్ళు పాత కంప్యూటర్లు తీసేస్తుంటే, అడిగి 14 బడికి ఇప్పించాడు. డెల్ ఆప్టిప్లెక్స్ 3020లు, ఇంటెల్ కంపెనీ నాలుగో తరం ఐ3 ప్రాసెసర్‌తో. కంపెనీ డేటా బయటికి పోకూడదని హార్డ్‌డిస్కులు పీకేసి పంపారు, అది మామూలే. ఒక్కోదాంట్లో 4 జీబీ ర్యామ్ (మెమరీ) ఉంది, రెండో స్లాటు ఖాళీ. కాబట్టి హార్డ్‌డిస్కుల బదులు 256 జీబీ ఎస్‌ఎస్‌డీలు 14, ఆ మిషన్లకు పట్టే డీడీఆర్3 రకం 8 జీబీ ర్యామ్‌లు 14, కేబుళ్ళు, విండోస్. ఇలా కాగితం మీద రాసుకుని గవర్నరుపేట వెళ్ళాను. కాగితం పట్టుకుని వెళ్ళడమే నా మొదటి తప్పు.

రెండు షాపుల్లో ర్యామ్ 950 నుంచి 1,000 చెప్పారు. మూడో షాపాయన 650 అన్నాడు. "స్కూలుకా సార్? ఆ పుణ్యంలో మాకూ కాస్త వాటా ఇవ్వండి" అని టీ తెప్పించాడు. పనిచేస్తాయా అని అడిగితే, ఒకటి తీసి కౌంటరు మీదున్న కంప్యూటర్లో పెట్టి, ఆన్ చేసి, 8 జీబీ చూపించాడు. ఇంకేం కావాలి? ప్రతిదాని మీదా వెండి రంగు వారంటీ స్టిక్కరు అంటించి, దాని మీద పెన్నుతో తేదీ కూడా వేసి ఇచ్చాడు.

మర్నాడు బళ్ళో మొదటి మిషన్‌లో పెట్టి స్విచ్ నొక్కాం. ఫ్యాన్ తిరుగుతోంది, పవర్ బటన్ నారింజ రంగులో కొట్టుకుంటోంది, స్క్రీన్ నల్లగానే ఉంది. ర్యామ్ తీసి, కాళ్ళని రబ్బరుతో రుద్ది మళ్ళీ పెట్టాం. అంతే. స్లాటు మార్చాం, ఇంకో మిషన్‌లో పెట్టాం, ఇంకో ర్యామ్ పెట్టాం. పాత 4 జీబీ ఒక్కటే ఉంచితే శుభ్రంగా లేస్తుంది, కొత్తది పెడితే నలుపే. పక్కన నిలబడి చూస్తున్న పదో తరగతి కుర్రాడు ఊరుకోక వారంటీ స్టిక్కరు మూల గోటితో గీకాడు. కింద కంపెనీ లేబుల్ మీద సన్నటి అక్షరాల్లో "ఏఎండీ" అని ఉంది. ఇంకో రెండు గీకి చూశాం. అన్నీ అంతే.

ఏఎండీ అంటే ఇంటెల్‌కు పోటీ ప్రాసెసర్ కంపెనీ. సంగతేమిటంటే, 8 జీబీ డీడీఆర్3లో ఏఎండీ ప్రాసెసర్ ఉన్న బోర్డుల్లో మాత్రమే పనిచేసే చౌకరకం ఒకటుంది. దాని చిప్పులు 4 బిట్ల వెడల్పువి. ఆ కాలం ఇంటెల్ డెస్క్‌టాప్‌లు వాటిని ఒప్పుకోవు. పైకి చూస్తే తేడా ఏమీ తెలీదు: అవే 240 పిన్నులు, గాటు అదే చోట, చిప్పుల లెక్క కూడా అదే 16. తెలిసేది లేబుల్ చూస్తేనే, ఆ లేబుల్ మీదేమో వారంటీ స్టిక్కరు. ఇక షాపాయన పెట్టి చూపించిన కంప్యూటరు ఏఎండీది. ఆయన చూపించింది అబద్ధం కాదు, నా కంప్యూటర్లో చూపించలేదంతే. అందుకే చెప్తున్నా, సీపీయూ ఒకటి బస్సులో ఒళ్ళో పెట్టుకునైనా తీసుకెళ్ళండి. కొనే ప్రతి ర్యామూ అందులో పెట్టించి, స్క్రీన్ వచ్చాకే డబ్బులివ్వండి.

విండోస్ కథ ఇంకొకటి. "లైఫ్‌టైమ్ లైసెన్స్" అని ఒక్కోదానికి 400 తీసుకుని, ఎస్‌ఎస్‌డీల్లో విండోస్ 11 ఎక్కించి ఇచ్చారు. అసలు విండోస్ 11కి మైక్రోసాఫ్ట్ అడిగేది కనీసం ఎనిమిదో తరం ఇంటెల్ ప్రాసెసరూ, టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్పూ. మావి నాలుగో తరం. అంటే అడ్డదారిలో ఎక్కించారన్నమాట. విండోస్ మీటతో పాటు ఆర్ నొక్కి, వచ్చిన పెట్టెలో ఇంగ్లీషులో ఎస్‌ఎల్‌ఎంజీఆర్, తర్వాత ఒక ఖాళీ, ఒక స్లాష్, దాన్ని ఆనుకుని ఎక్స్‌పీఆర్ అని కొట్టి చూడండి. మాకు గడువు తేదీ వచ్చింది, ఎక్కించిన రోజు నుంచి లెక్కేస్తే 180 రోజులు. అలా 180 రోజుల గడువుతో లైసెన్సు నడపడం పెద్ద ఆఫీసులు తమ సొంత సర్వరు పెట్టుకుని వాడుకునే పద్ధతి, దానికి దొంగ సర్వరు తగిలించి ఇచ్చారు. పైగా వైరస్ రక్షణ ఆపేసి ఉంది. తేదీ రానంత మాత్రాన అసలుదని నమ్మకం లేదు గానీ, తేదీ వస్తే లైఫ్‌టైమ్ మాట మాత్రం పచ్చి అబద్ధం. విండోస్ 10 ఎక్కిస్తామన్నా వద్దనండి, దానికి మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో అయిపోయింది.

న్యాయంగా చెప్పాలి, ఎస్‌ఎస్‌డీలు మాత్రం బాగున్నాయి. ఒక్కోదాన్నీ డేటాతో నిండా నింపి, మళ్ళీ చదివించి చూశాం.

తిరిగి షాపుకెళ్తే "స్టిక్కరు గీకారుగా సార్, వారంటీ పోయింది" అన్నాడు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చేస్తానన్నాను. నవ్వాడు. ఎందుకంటే నా చేతిలో ఉన్నది ఎస్టిమేట్ చీటీ. జీఎస్టీ బిల్లయితే 18 శాతం అదనం అన్నాడని, చందా డబ్బు మిగుల్తుందని చీటీతో సరిపెట్టుకున్నాను. అందులో "ర్యామ్ 8 – 14" అని తప్ప డీడీఆర్3 అని లేదు, ఇంటెల్ అని లేదు, షాపు పేరు కూడా లేదు. ఫోన్‌పేలో డబ్బు వెళ్ళింది కూడా ఎవరో మనిషి పేరు మీదికి. ఆ 18 శాతం కట్టి ఉంటే ఇంత మాట పడేవాణ్ణి కాదు. మీరు బిల్లు అడగండి, దాని మీద 37తో (అది ఆంధ్రప్రదేశ్ కోడు) మొదలయ్యే 15 అక్షరాల జీఎస్టీ నంబరుందా చూడండి, "ఇంటెల్ నాలుగో తరం బోర్డుకు" అని పక్కన రాయించుకోండి. రాయనంటే లేచి వచ్చేయండి.

గంటన్నర వాదించాక గీకని 11 ర్యామ్‌లు వెనక్కి తీసుకున్నాడు. డబ్బు ఇవ్వలేదు, 7,150కి సరిపడా కీబోర్డులూ మౌసులూ ఇచ్చాడు. ఎలాగూ కావలసినవే. విండోస్ డబ్బు మాట ఎత్తితే వినిపించనట్టు ఊరుకున్నాడు.

ఇప్పుడు 14 మిషన్లలోనూ విండోస్ బదులు లినక్స్ మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ వేశాం. ఉచితం, 4 జీబీతోనే హాయిగా నడుస్తోంది. కేరళ ప్రభుత్వ బళ్ళలో ఏళ్ళుగా లినక్సే కదా, మనమే ముందు విండోస్ అంటాం. టైపింగుకి లిబ్రేఆఫీసు, లెక్కలకు జియోజీబ్రా, చిన్న తరగతులకు బొమ్మలేసే టక్స్ పెయింట్, ఆటలతో నేర్పే జీకాంప్రి పెట్టాం. ఈ పని ముందే చేసి ఉంటే విజయవాడలో ర్యామూ విండోసూ కొనక్కర్లేకపోయేది.

స్టిక్కరు గీకిన 3 ర్యామ్‌లు బీరువాలో ఉన్నాయి. గుంటూరు, విజయవాడ చుట్టుపక్కల ఏ బళ్ళోనైనా డీడీఆర్3 ఏఎండీ బోర్డున్న కంప్యూటరుంటే చెప్పండి, ఊరికే ఇచ్చేస్తాం. కాకపోతే మీ సీపీయూ ఇక్కడికే పట్టుకురండి, పెట్టి చూసే ఇస్తాం.