కుస్తీలో ఏది మేలు: వెయిట్ కట్ చేసి కిందికి దిగడమా, కండ పెంచి పైకి వెళ్లడమా?

పారిస్ ఒలింపిక్స్‌లో మన కుస్తీ జట్టు రెండు రాత్రులు నిద్ర లేకుండా గడిపింది. 2024 ఆగస్టు 6న వినేశ్ ఫోగాట్ వరసగా మూడు బౌట్లు గెలిచి ఫైనల్ చేరేసరికి 52.7 కిలోలు తూగింది. తెల్లారేలోపు 50కి రావాలి. రాత్రంతా కష్టపడ్డా, జుట్టు కత్తిరించినా ఇంకా 100 గ్రాములు మిగిలిపోయింది. సరిగ్గా రెండు రోజుల తర్వాత, సెమీస్‌లో ఓడిన అమన్ సెహ్రావత్ బరువు 61.5 కిలోలు. పది గంటల్లో 4.6 కిలోలు దించి 56.9 తూగాడు, కాంస్యం గెలిచాడు. ఒకరికి అయ్యో అన్నాం. ఇంకొకరికి ప్రొఫెషనలిజమంటే ఇదీ అని చప్పట్లు కొట్టాం.

చేసిన పని మాత్రం ఇద్దరిదీ ఒకటే. ఒకరి ఒంట్లోంచి చెమట వచ్చింది, ఇంకొకరి ఒంట్లోంచి రాలేదు. ఏడాది తిరిగాక, 2025 జాగ్రెబ్ ప్రపంచ పోటీల్లో అదే అమన్ 57 విభాగంలో 1.7 కిలోలు ఎక్కువ తూగి మ్యాట్ ఎక్కకుండానే వెనక్కి వచ్చాడు. భారత కుస్తీ సమాఖ్య ఏడాది సస్పెన్షన్ వేసింది, తర్వాత ఎత్తేసింది. కాబట్టి ఆ రాత్రి పట్టుదల ఎంత గొప్పదైనా దాన్ని పద్ధతి అనలేం. అసలు నిర్ణయం అంతకు ఆరు నెలల ముందు జరగాలి: ఈ ఆటగాడిది ఏ విభాగం?

నిబంధన మారింది, లెక్క మారాలి

పాత తరం వస్తాదులు చెప్పే చిట్కాల్లో చాలా భాగం పాత నిబంధనల నాటివి. అప్పట్లో పోటీకి ముందురోజు కాటా ఎక్కితే సరిపోయేది. రాత్రంతా తిని, తాగి, కోలుకుని పొద్దున మ్యాట్ ఎక్కేవాళ్లు. విభాగం మొత్తం ఒక్కరోజులో అయిపోయేది. 2018 నుంచి ఒక్కో విభాగం రెండు రోజులు జరుగుతోంది, రెండు రోజులూ పొద్దున్నే తూకం ఉంటుంది. మొదటి రోజు కాటా ఎక్కడానికి 30 నిమిషాలు, రెండో రోజు 15 నిమిషాలే. ఆ గడువులోపు ఎన్నిసార్లయినా ఎక్కి చూసుకోవచ్చు. ఒంటికి అతుక్కునే పోటీ దుస్తు, సింగ్లెట్ బరువు కూడా మన ఖాతాలోనే పడుతుంది. ఒలింపిక్స్‌లో, ప్రపంచ పోటీల్లో ఒక్క గ్రాము సడలింపు లేదు. రెండో రోజు తప్పినా మొదటి రోజు గెలుపులు లెక్కలోకి రావు, చివరి స్థానంలో పేరు రాస్తారు. వినేశ్ విషయంలో క్రీడా న్యాయస్థానం కూడా దీన్ని మార్చలేదు, అప్పీలు కొట్టేసింది.

అంటే ఇప్పుడు కిందికి దిగడానికి ఒక్కసారి బరువు దించితే చాలదు. మొదటి తూకమయ్యాక తిని, తాగి, మూడు నాలుగు బౌట్లు ఆడి, అదే రాత్రి మళ్లీ దించాలి. బౌటంటే మూడేసి నిమిషాల చొప్పున రెండు భాగాలు, మధ్యలో 30 సెకన్లు. తినకుండా ఆడలేరు, తింటే బరువు తిరిగొస్తుంది.

ముందు లెక్క కట్టండి

విభాగాన్ని ఆశతో ఎంచుకోకూడదు. కాలేజీ కుస్తీలో అమెరికా వాళ్లు వాడే లెక్క సులువైనది, ఇక్కడా పనికొస్తుంది. చర్మపు మడత మందం కొలిచే స్కిన్‌ఫోల్డ్ క్యాలిపర్‌తో కొవ్వు శాతం తీయండి. ఒంట్లో నీరు తగినంత ఉన్నరోజే కొలవాలి. మూత్రం సాంద్రత 1.020 దాటితే ఆ కొలత చెల్లదు. మొత్తం బరువులోంచి కొవ్వు తీసేస్తే కండ, ఎముక, నీరు కలిసిన బరువు వస్తుంది. మగవాళ్లకు దాన్ని 0.95తో, ఆడవాళ్లకు 0.88తో భాగించండి. వచ్చిన అంకె కంటే కిందికి వెళ్లాలంటే కరగడానికి కొవ్వు మిగలదు, ఇక పోయేది నీరూ కండే.

54 కిలోల అమ్మాయి, కొవ్వు 16 శాతం అనుకుందాం. కొవ్వు తీసేస్తే 45.4. 0.88తో భాగిస్తే 51.5. అంటే 53 విభాగంలో హాయిగా ఆడొచ్చు. 50లో ఆడాలంటే మాత్రం అంతా సవ్యంగా కొవ్వు కరిగాక కూడా ఇంకో కిలోన్నర నీళ్ల రూపంలో పోవాలి, అదీ రెండు రోజులు వరసగా. అదే 61 కిలోల కుర్రాడు, కొవ్వు 10 శాతం అయితే 54.9ని 0.95తో భాగిస్తే 57.8. ఎంత కరిగినా 57 అతనిది కాదు.

ఇక్కడే ఆటగాడి తప్పు కానిదొకటి ఉంది. పారిస్‌లో పురుషుల ఫ్రీస్టైల్ విభాగాలు 57, 65, 74, 86, 97, 125. మొదటి రెండింటి మధ్యే 8 కిలోల ఖాళీ. ప్రపంచ పోటీల్లో ఉండే 61 ఒలింపిక్స్‌లో లేదు. ఆ బరువు కుర్రాడు కిందికైనా ఎండాలి, పైకైనా పెరగాలి. మహిళల్లో 50, 53, 57 దగ్గర దగ్గరగా ఉన్నా ఇంకో ముడి ఉంది: విభాగానికి దేశం నుంచి ఒక్కరే. 2023 ప్రపంచ పోటీల్లో అంతిమ్ పంఘాల్ 53లో ఒలింపిక్ కోటా, అంటే ఆ విభాగంలో దేశానికి ఉండే ఒక్క చోటు, తెచ్చింది. వినేశ్ 50కి దిగడం వెనక ఈ లెక్క ఉంది. ఆమె టోక్యోలో ఆడింది 53లోనే.

పైకి వెళ్తే?

పైకి వెళ్లడం సుఖమని ఎవరైనా చెబితే నమ్మకండి. 65లో ఎదురయ్యేవాడు 65 కిలోల మనిషి కాదు, 69 నుంచో 70 నుంచో దిగొచ్చినవాడు. మీరు 62తో అక్కడికి వెళ్తే పట్టు దొరికినా మనిషి లేవడు, కింద పడితే నడుము పట్టి దొర్లించే గట్ రెంచ్ నుంచి తప్పించుకోలేరు. శిక్షణ పొందిన ఒంటికి నెలకు కిలో అసలైన కండ పట్టడమే గగనం. 61 నుంచి 65కి చేరడానికి ఆరు నెలల నుంచి ఏడాది పడుతుంది. రోజూ అవసరానికి 300 నుంచి 500 క్యాలరీలు ఎక్కువ, కిలో బరువుకు 1.6 నుంచి 2.2 గ్రాముల ప్రొటీన్ కావాలి. తొందరపడి నెలలో నాలుగు కిలోలు పెంచితే వచ్చేది పొట్టే. కాళ్ల వేగం పోతుంది, బలం పెరగదు.

బజరంగ్ పునియా ఈ దారిలో నెగ్గాడు. 2013లో 60 కిలోల్లో ప్రపంచ కాంస్యం, తర్వాత 61, ఆ తర్వాత 65, టోక్యోలో 65లోనే ఒలింపిక్ కాంస్యం. యోగేశ్వర్ దత్‌కు లండన్‌లో 60లో పతకం వచ్చింది, 65కి వెళ్లి 2014 ఆసియా క్రీడల్లో స్వర్ణం కూడా గెలిచాడు, రియోలో మాత్రం మొదటి బౌట్‌లోనే ఓడాడు. వెయిట్‌లిఫ్టింగ్‌లో మన కరణం మల్లీశ్వరి 1994, 1995లో ప్రపంచ విజేత అయింది 54 కిలోల్లో. సిడ్నీలో కాంస్యం తెచ్చింది 69లో. 54 నుంచి 69 అంటే ఏళ్ల తరబడి మెట్టు మెట్టుగా ఎక్కిన దూరం.

ఎదురు ఉదాహరణ నిజామాబాద్ నుంచే ఉంది. బాక్సర్ నిఖత్ జరీన్ 2022లో 52 కిలోల్లో ప్రపంచ టైటిల్ గెలిచింది. ఆ విభాగం ఒలింపిక్స్‌లో లేదు కాబట్టి 50కి దిగి 2023లో అక్కడా గెలిచింది. రెండు కిలోల తేడా పెద్ద దూరం కాదు. అయినా పారిస్‌లో చైనా బాక్సర్ వు యూ చేతిలో ఓడాక, తూకానికి ముందు తిండీ నీళ్లూ మానాల్సి వచ్చిందని, కోలుకునే సమయం దొరకలేదని ఆమే చెప్పింది.

నన్నడిగితే ఈ చర్చలో అందరికంటే ఎక్కువ చదవాల్సింది అమన్‌ను సెమీస్‌లో ఓడించిన జపాన్ ఆటగాడు రెయి హిగుచి కెరీర్. రియోలో 57 కిలోల్లో రజతం. తర్వాత 65కి వెళ్లాడు, దేశంలోనే పోటీ నెగ్గలేకపోయాడు. మళ్లీ 57కి దిగాడు. 2021 ఆసియా క్వాలిఫయర్‌లో 50 గ్రాములు ఎక్కువ తూగాడు, టోక్యో పోయింది. 2022లో 61కి వెళ్లి ప్రపంచ విజేత అయ్యాడు. అప్పుడు 57కి దిగి పారిస్‌లో స్వర్ణం. ఒకే మనిషి రెండు దారుల్లోనూ ఓడాడు, గెలిచాడు.

దిగాలనే నిర్ణయిస్తే

లెక్క ప్రకారం విభాగం అందుతుందని తేలాకే ఇది. వారానికి ఒంటి బరువులో ఒకటిన్నర శాతం దాటకూడదు. 54 కిలోలకు అది 800 గ్రాములు. అరకిలో అయితే ఇంకా మంచిది. అంటే రెండున్నర కిలోలకు అయిదారు వారాలు. చివరి నాలుగైదు రోజులు పప్పు, ఆకుకూరలు, జొన్నరొట్టె, పచ్చి కూరలు ఆపి తెల్లన్నం, గుడ్డు తెల్లసొన, పెరుగు మీద ఉంటే పేగుల్లో నిల్వ తగ్గి అరకిలో నుంచి కిలో వరకు దిగుతుంది. దీనికి చెమట అక్కర్లేదు, బలమూ పోదు. ఉప్పు తగ్గించాలి, ఊరగాయల జోలికి పోకూడదు. మిగిలేది రెండు శాతం నీరు, మహా అయితే మూడు. అంతకు మించితే దమ్ము, పట్టు, తీర్పు మూడూ దెబ్బతింటాయి.

ప్రతి ఆటగాడికీ తెలిసుండాల్సిన అంకె ఒకటుంది. రాత్రి పడుకునే ముందు, పొద్దున లేచాక తూగి రాసుకుంటే నిద్రలో ఊపిరితో, చెమటతో ఎంత పోతుందో తెలుస్తుంది. చాలామందికి 300 నుంచి 700 గ్రాములు. నెలరోజులు రాసినవాడికి రెండో తూకానికి ముందు రాత్రి గాభరా ఉండదు. నిద్రలో 500 పోతుందని తెలిసినవాడు 50.4తో పడుకోగలడు. తెలియనివాడు రాత్రంతా పరుగెత్తి నిద్ర పోగొట్టుకుంటాడు.

మొదటి తూకం తర్వాత కోల్పోయిన ప్రతి కిలో నీటికీ లీటరుంపావు నుంచి లీటరున్నర తాగాలి. ఒకేసారి కాదు, గుక్క గుక్కగా, లీటరు నీళ్లకు ఒక ఓఆర్‌ఎస్ ప్యాకెట్ కలిపి. ఉత్త నీళ్లు తాగితే మూత్రంలో పోతుంది. తిన్న పిండిపదార్థం ఒంట్లో గ్లైకోజెన్‌గా నిల్వ చేరుతుంది, దాని ప్రతి గ్రామూ మూడు గ్రాముల నీటిని పట్టుకుంటుంది. కాబట్టి రెండో రోజు తూకముందని తెలిసినప్పుడు ఏది ఎంత తింటున్నారో, తాగుతున్నారో ఒకరు పక్కనుండి రాయాలి. చాలా జట్లలో తప్పు జరిగేది ఇక్కడే. తొలి బౌట్‌కు ముందు నీరసం చూసి ఒకరు అరటిపండు, ఇంకొకరు గ్లూకోజ్, మరొకరు కొబ్బరినీళ్లు ఇస్తారు. లెక్క ఎవరి దగ్గరా ఉండదు. సాయంత్రం కాటా చూస్తే రెండున్నర కిలోలు ఎక్కువ.

ఆ తర్వాత ఆవిరి గది. ఒక దశ దాటాక చెమట ఆగిపోతుంది, ఒంట్లో నీరు అయిపోతోందన్న గుర్తది. అక్కడ ఆపకపోతే గుండె మీద పడుతుంది. 1997 చివర్లో అమెరికాలో అయిదు వారాల్లోపే ముగ్గురు కాలేజీ మల్లులు బరువు దించుతూ చనిపోయారు. రబ్బరు సూట్లు, ఆవిరి గదులు నిషేధించి, పైన చెప్పిన లెక్కను తప్పనిసరి చేసింది ఆ తర్వాతే.

అడ్డదారి

మూత్రం ఎక్కువ పోయేలా చేసే మాత్రలు చౌక, మందుల షాపులో ఇట్టే దొరుకుతాయి. ఫ్యూరోసెమైడ్ లాంటివన్నీ డోపింగ్ నిషేధిత జాబితాలో ఉన్నాయి, పోటీ రోజుల్లోనే కాదు, ఏడాది పొడవునా. తూకమయ్యాక సెలైన్ ఎక్కించుకోవడమూ అంతే: ఆసుపత్రి చికిత్సలో భాగమైతే తప్ప 12 గంటల్లో 100 మిల్లీలీటర్లు దాటితే నేరం. ఆర్‌ఎంపీ డాక్టరు దగ్గర ఒక బాటిల్ పెట్టించుకుంటే ఏమవుతుందిలే అనే మాట తాలింఖానాల్లో మామూలు. నిషేధం పడేది ఆటగాడి పేరు మీదే.

మరి ఏది మేలు?

18 ఏళ్లు నిండనివాళ్లకు పైకి వెళ్లడమే మేలు. ఇందులో చర్చ లేదు. ఎదిగే ఒంటిని జిల్లా పతకం కోసం ఎండబెట్టడం కోచింగ్ కాదు. సీనియర్లలో లెక్క కట్టి వచ్చిన కనీస బరువు విభాగం లోపల ఉంటేనే కిందికి దిగొచ్చు, అదీ ఉత్తుత్తి రెండు రోజుల పోటీ పెట్టి, రెండు తూకాలూ ఇంటి దగ్గర ఒకసారి దాటి చూశాకే. లోపల లేకపోతే పైకి వెళ్లాలి, ఏడాది సమయం ఇచ్చి. ఒలింపిక్స్‌కు అయిదు నెలలే ఉన్నప్పుడు పైకీ వెళ్లలేరు, కిందికీ క్షేమంగా దిగలేరు. ఆ స్థితికి ఆటగాడిని తెచ్చినవాళ్లను వదిలేసి కాటా ఎక్కినవాళ్లను మాత్రమే శిక్షించడంలో న్యాయం లేదు. వినేశ్ 50, 53 రెండింటి ట్రయల్స్‌లోనూ ఆడింది 2024 మార్చిలో. ఆగస్టుకు ఎన్ని నెలలో లెక్కపెట్టుకోండి.

జట్టు కట్టేవాళ్లు ఒక పని తక్షణం చేయొచ్చు. బరువు విషయంలో ఆపు అనే అధికారం కోచ్ చేతిలో కాకుండా కోచ్‌కు జవాబు చెప్పనక్కర్లేని డాక్టరు చేతిలో పెట్టడం, ప్రతి ఆటగాడి కనీస బరువును సీజన్ మొదట్లోనే ఆ డాక్టరు సంతకంతో రాసిపెట్టడం. ట్రయల్స్ ఫారంలో ఆ అంకె కంటే తక్కువ విభాగం రాస్తే అక్కడే తిప్పి పంపాలి.