మోగితే నమ్ముతాను, మోగకపోతే నేనే చూసుకుంటాను: పార్కింగ్ సెన్సర్ కిట్ రివ్యూ

మెడ ఎముకలు అరిగాయని డాక్టర్ చెప్పినప్పటి నుంచి తల పూర్తిగా వెనక్కి తిప్పడం నాకు కుదరడం లేదు. నా పాత కారుకి కంపెనీ సెన్సర్లు లేవు. అందుకే బయట దొరికే కిట్ ఒకటి పెట్టించుకున్నాను: బంపర్‌కి నాలుగు సెన్సర్లు, డిక్కీలో ఒక కంట్రోల్ బాక్సు, డాష్‌బోర్డ్ మీద దూరం చూపించే చిన్న డిస్‌ప్లే, అందులోనే బజర్. నా అవసరానికి బాగానే పనికొస్తోంది. కాకపోతే ఇది ఏం చేయలేదో కూడా తెలిసి కొనాలి. డబ్బా మీద ఆ సంగతి రాయరు.

బిగించడం పెద్ద పనేం కాదు. రివర్స్ లైటు వైరు నుంచే కరెంటు తీసుకుంటారు కాబట్టి గేరు వేయగానే ఆన్ అవుతుంది. మెకానిక్ పక్కన నిలబడి ఒక్కటి చూసుకోండి: సెన్సర్ వెనక ఉన్న బాణం గుర్తు పైకే ఉండాలి. లేదంటే నేలని చూసి కూడా మోగే ప్రమాదం ఉంది.

ఒక్కో సెన్సర్‌లో సన్నటి లోహపు పొర ఉంటుంది. దాని వెనక అంటించిన పీజో ముక్క కరెంటు అందగానే ఆ పొరని సెకనుకి సుమారు 40 వేల సార్లు అదిరిస్తుంది. మన చెవి 20 వేల దగ్గరే ఆగిపోతుంది కాబట్టి ఆ శబ్దం మనకి వినబడదు. మనం వినే బీప్ బజర్‌ది. వెళ్లిన శబ్దం గోడకి తగిలి తిరిగి రావడానికి పట్టిన సమయాన్ని బట్టి కంట్రోల్ బాక్సు దూరం లెక్కకడుతుంది. శబ్దం సెకనుకి దాదాపు 343 మీటర్లు పోతుంది కాబట్టి మీటరు దూరంలోని గోడకి వెళ్లి రావడానికి పట్టేది 6 మిల్లీసెకన్ల లోపే.

చాలామంది విసుక్కునేది ఒకటుంది. ఇంకా అడుగు జాగా ఉండగానే బీప్ ఆగకుండా మోగుతుంది, డిస్‌ప్లేలో అంకె 0.3 మీటర్ల దగ్గర నిలిచిపోతుంది. కంపెనీవాళ్ల అతిజాగ్రత్త అనుకుంటారు గానీ కారణం వేరే ఉంది. శబ్దం పంపేదీ వినేదీ ఒకే పొర. గంట కొట్టాక కాసేపు మోగుతూనే ఉన్నట్టు, ఆ పొర కూడా పంపిన వెంటనే నిమ్మళించదు. అది అదురుతుండగానే తిరిగొచ్చిన శబ్దాన్ని పట్టుకోలేదు. బాగా దగ్గరగా ఉన్నదాన్ని సరిగ్గా కొలవలేదు కాబట్టే ముందే ఆపేయమంటుంది. ఆ ఆఖరి అడుగు మన పూచీ.

గోడలు, పక్క కార్ల విషయంలో దీనికి వంక పెట్టలేను. టేపు పెట్టి కొలిచినా తేడా పెద్దగా రాలేదు. సన్నటి ఇనుప కడ్డీ సెన్సర్‌కి ఎదురుగా ఉంటే మోగుతుంది, రెండు సెన్సర్ల మధ్యకి వస్తే ఒక్కోసారి కిక్కురుమనదు. ఏటవాలుగా ఉన్న పలకకి తగిలిన శబ్దం మరోవైపు పోతుంది. మెత్తటి మందపాటి గుడ్డ దాన్ని మింగేస్తుంది. పొట్టి రాయి ఇంకా మోసకారి: దూరంగా ఉన్నప్పుడు మోగించి, దగ్గరికి వెళ్లాక శబ్దం పరిధి కిందకి జారిపోతుంది. బీప్ ఆగింది కదా, అడ్డం తొలగిందనుకుంటే చక్రం దాని మీదకే. ఇక గొయ్యి ఉందంటే దీనికి ఆ సంగతే తెలియదు, అక్కడి నుంచి తిరిగొచ్చే శబ్దమే ఉండదు.

ఇవి కిట్ తప్పులు కావు, ఈ పద్ధతికే ఉన్న హద్దులు. ఖరీదైన కార్లలోని అల్ట్రాసోనిక్ (ఇలా చెవికి వినబడని శబ్దంతో పనిచేసే) సెన్సర్లకీ ఇవి కొంత ఉంటాయి. కిట్ తప్పు అని నేననేది బజర్ గురించి. సౌండ్ తగ్గించే వీల్లేదు. పైగా ఒక్కటే బజర్ కావడంతో అడ్డం కుడివైపా, ఎడమవైపా అన్నది చెవికి తెలియదు, డిస్‌ప్లే చూడాలి. నేను చూడాల్సింది సైడ్ అద్దం! ఫ్యాక్టరీ నుంచే సెన్సర్లతో వచ్చే కొన్ని కార్లలో ఏ వైపు అడ్డముంటే ఆ వైపు స్పీకర్ మోగుతుంది, నాలాంటి మెడకి అదే సుఖం.

బురద పట్టినా, వాన నీళ్లు నిలిచినా ఊరికే మోగుతుంది. గుడ్డతో తుడిస్తే సరి. పక్కన లారీ ఎయిర్ బ్రేకు బుస్సుమన్నప్పుడు కూడా ఉలిక్కిపడి ఒకసారి అరుస్తుంది, దాన్ని పట్టించుకోనక్కర్లేదు.

కెమెరా కూడా పెట్టించుకోగలిగితే పెట్టించండి. గొయ్యి, పొట్టి రాయి దానికి కనబడతాయి, దూరం సంగతి సెన్సర్ చూసుకుంటుంది. బంపర్ రంగులో కలిసిపోవాలని సెన్సర్లకి పెయింట్ వేయించాలనుకుంటే పల్చటి పూతతో సరిపెట్టండి, మందంగా వేస్తే ఆ పొర సరిగ్గా అదరదు. నావి నల్లగానే వదిలేశాను.